ఎడమ చెంప పిన్ని

మొహానికి పూతలు వేసుకునేవాళ్ళు ప్రపంచం నిండా ఉన్నారు. ఎదుటివాళ్ళ మొహానికి, అందులోనూ సగానికే, అదీ ఎడమ సగానికే వేసే మనిషి మాత్రం ఒక్కరే ఉన్నారు. ఆవిడే అమ్మడి పిన్ని. తేనె కానివ్వండి, కీరా గుజ్జు కానివ్వండి, పెరుగులో కలిపిన ఓట్స్ పిండి కానివ్వండి, పిన్ని చేతికి చిక్కిన మనిషి ఎడమ చెంప మీదికే చేరుతుంది. కుడి చెంప దేవుడిచ్చింది ఇచ్చినట్టే ఉండాలి. ఇదేం లెక్కండీ అని ఎవరైనా అడిగితే, పాపం వీళ్ళకి చదువు అబ్బలేదన్నట్టు జాలిగా చూసి, "తేడా తెలియొద్దూ?" అంటుంది.

ఈ జబ్బు ఆవిడకి ఉద్యోగం అంటించింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల బడిలో సైన్సు లాబ్ అసిస్టెంటుగా పనిచేసింది. పరీక్ష ఏదైనా సరే రెండు గాజు గొట్టాలు పెట్టాలి. ఒకదాంట్లో మందు వేయాలి, రెండోదాన్ని ఏమీ వేయకుండా ఊరికే పక్కన నిలబెట్టాలి. ఆ రెండోది లేకపోతే మొదటిదానికి విలువే లేదని ముప్ఫై ఒక్క బ్యాచుల పిల్లలకి చెప్పి చెప్పి, చివరికి ఆవిడ కంటికి ప్రతి మనిషీ రెండు గొట్టాలుగా కనిపించడం మొదలైంది. రిటైరైన రోజు వీడ్కోలు సభలో హెడ్‌మిస్ట్రెస్ ఎడమ చెంప నిగనిగలాడుతూ ఉపన్యాసమిచ్చిందనీ, కుడి చెంప మామూలుగా ఏడ్చిందనీ అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంట్లో మొదటి గొట్టం బాబాయి. ఆయన వీధి చివర చిన్న కొట్లో గడియారాలు బాగుచేస్తాడు. నోరు లేని మనిషి. ఒకసారి పిన్ని చిక్కటి టీ డికాక్షన్ కాచి, నెరిసిన మీసానికి రంగు పడుతుందేమో చూద్దామని ఎడమ సగానికి పట్టించింది. పట్టకపోతే ఏ గొడవా లేకపోయేది. శుభ్రంగా పట్టింది. మూడు వారాల పాటు బాబాయి కుడి నుంచి చూస్తే డెబ్బై, ఎడమ నుంచి చూస్తే నలభై. రెండో సగానికి కూడా రాసెయ్యవే అని ఆయన బతిమాలితే, పరీక్ష మధ్యలో వేలు పెట్టకూడదని కసిరింది. పాపం ఆయన కొట్లో కుర్చీని గోడవైపు తిప్పుకుని, వచ్చినవాళ్ళ వయసును బట్టి అటో ఇటో తిరుగుతూ బేరాలు చేసుకున్నాడు.

వాళ్ళుండేది నాలుగంతస్తుల బిల్డింగు. లిఫ్టు లేదు. పిన్ని వాటా మొదటి అంతస్తులో సరిగ్గా మెట్లకి ఎదురుగా ఉంది. అంటే ఎవరు పైకి పోవాలన్నా, కిందికి రావాలన్నా ఆవిడ గుమ్మం దాటాలి. గుమ్మంలో స్టూలు, స్టూలు మీద గిన్నె, గిన్నెలో ఆ రోజు మందు. తప్పించుకోవాలంటే కిటికీలోంచి దూకడమొక్కటే దారి.

పై అంతస్తులో కారు నడపడం నేర్పే మేడమ్ ఒకావిడ ఉండేది. రోజంతా కూర్చుని కాళ్ళు లాగేస్తున్నాయని ఒక్క మాట అంది. అంతే, ఉప్పు వేసిన వేడినీళ్ళలో పదిహేను నిమిషాలు కాలు పెట్టించింది పిన్ని. ఒక్క కాలే, ఎడమది. మర్నాడు ఆవిడ దిగివచ్చి, క్లచ్ కాలు పువ్వులా తేలిపోతోంది, బ్రేకు కాలు మొరాయిస్తోంది, ఇలా అయితే నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఏమవ్వాలి అని మొరపెట్టుకుంది. రెండో అంతస్తు దర్జీకి మెడ పట్టేస్తుంటే, గంటకోసారి మెడ ఎడమవైపు పదిసార్లు తిప్పమంది. ఆ నెల ఆయన కుట్టిన చొక్కాలన్నిటికీ ఎడమ చెయ్యి కుదిరినట్టు కుడి చెయ్యి కుదరలేదు. ఉత్తరాలు పంచే ఆవిడ తేనె, ఓట్స్ పూతతోనే వీధంతా తిరిగి వచ్చింది. ఎప్పుడూ ఆవిడ మీదికి ఎగిరే మూలింటి కుక్క ఆ రోజు చెంప నాకి, మొరగడం మానేసింది. పిన్ని దాన్ని కూడా ఫలితం కిందే జమ చేసుకుంది.

ఫలితం అంటే ఊరికే మాటవరసకి కాదు. పిన్నికో పొడుగు పుస్తకం ఉంది. ఒకటి నిండితే ఇంకోటి, అలా అలమారలో ఒక వరస తయారైంది. ప్రతి పేజీలోనూ గడులు గీసి ఉంటాయి. పేరు, ఏం రాశాం, ఎంతసేపు ఉంచాం, రాయని మనిషి, ఫలితం. ఈ రాయని మనిషి గడి ఎందుకో అమ్మడికి ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. ఫలితం గడిలో మాత్రం నూటికి తొంభై పాళ్ళు 'ఫరవాలేదు' అనే ఉండేది. బాబాయి మీసం దగ్గర 'మరీ బాగుంది' అని రాసి కింద గీత గీసింది.

ఇక అమ్మడి సంగతి. పిన్ని అక్క కూతురు. అమ్మానాన్నల ఉద్యోగాలు ఏటికో ఊరు మారేవి కావడంతో చదువు పాడవకూడదని చిన్నప్పుడే పిన్ని దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంత పెద్ద ప్రయోగశాలలో పెరిగిన ఆ పిల్లకి ఒకే ఒక్క మనోవేదన. పిన్ని ప్రపంచానికంతా రాసింది, తనకు మాత్రం ఒక్కసారి కూడా రాయలేదు. చిన్నప్పుడు ఏడ్చి గోల చేసినా, "నీకొద్దు. నువ్వు తేడా చూసేదానివి" అని పుస్తకం చేతికిచ్చి, అందరి చెంపలూ చూసి రమ్మని పంపేది. ఆరేళ్ళ పిల్ల ఇన్‌స్పెక్టర్‌లా మెట్లెక్కి, పెద్దవాళ్ళందరూ వంగి చూపిస్తుంటే ఒక్కో చెంపా పరీక్షించి వచ్చేది. పెద్దయ్యాక అదే తలుచుకుంటే ఉక్రోషంగా ఉండేది. మూలింటి కుక్కకి దక్కిన ఓట్స్ తనకి దక్కలేదు కదా అని.

ఆ రోజుల ఫొటో ఒకటి హాల్లో గోడకి ఉంది. బాబాయి తీసింది. మెట్ల మీద పదహారు మంది, పదహారు తెల్లటి ఎడమ చెంపలు, మధ్యలో కింది మెట్టు మీద ముందు పన్ను ఊడిన అమ్మడు. ఇంటికి వచ్చినవాళ్ళు ఆ ఫొటో చూసి పొట్ట పట్టుకుని నవ్వనిదే మంచినీళ్ళు తాగరు. అమ్మడికి ఫొటోల పిచ్చి పట్టింది అక్కడే.

ఆ పిచ్చితోనే ఎనిమిది నెలల క్రితం సొంతంగా స్టూడియో తెరిచింది. స్టూడియో అంటే ఒక గది, ఒక తెర, రెండు లైట్లు, తిప్పితే కిర్రుమనే స్టూలు. ఎనిమిది నెలలుగా గుర్తింపు కార్డుల ఫొటోలు తప్ప ఇంకో పని రాలేదు. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే తలుపులు మూసి, పాత స్టూడియోలో మళ్ళీ అసిస్టెంటుగా చేరాల్సిందే. సరిగ్గా అప్పుడు మూలమీది లాండ్రీ యజమాని కబురు పెట్టాడు.

ఆయనకి ఆరు బ్రాంచీలున్నాయి. ఈ లాండ్రీలో పనిచేసే పన్నెండు మందినీ నిలబెట్టి ఒక ఫొటో తీయాలి, తలుపంత పెద్దది చేసి ముందు గోడకి పెట్టాలి, బాగుంటే మిగిలిన ఐదింటికీ అదే పని. అమ్మడు ఇంటికి మెట్లన్నీ రెండేసి చొప్పున ఎక్కుతూ వచ్చింది. వచ్చి బాబాయి చేతిలో ఉన్న గడియారం లాగి పక్కన పెట్టి, ఆయన రెండు చేతులూ పట్టుకుని గుండ్రంగా తిప్పింది. ఆయన భూతద్దం కంటికే ఉండిపోయింది. గది మొత్తం గిర్రున పెద్దదై తిరిగిందని తరవాత చెప్పాడు.

కానీ యజమాని ఒక మెలిక పెట్టాడు. పన్నెండు మంది అంటే పన్నెండు మందీ ఉండాలి. ఒక్కరు తగ్గినా ఆయనకి ఫొటో అక్కర్లేదు. ఎవరో ఒకరు మానేశారనో, గొడవపడి పోయారనో జనం అనుకుంటారట. పదకొండు మంది సరేనన్నారు. రెండు నెలల క్రితం చేరిన ఇస్త్రీ అమ్మాయి మాత్రం ససేమిరా అంది.

అమ్మడు స్వయంగా వెళ్ళి అడిగింది. లోపల ఆవిరి కమ్మేసి ఉంది. హ్యాంగర్లకి వేలాడే కోట్ల వెనకాల ఆ అమ్మాయి పెద్ద ఇస్త్రీ పెట్టె తోస్తోంది. వేడి తగలకుండా అంటూ ఎప్పుడూ మొహానికి గుడ్డ చుట్టుకునే ఉంటుంది, కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. మాట మర్యాదగానే ఉంది.

"నేను ఫొటోల్లో దిగనండీ. ఆ రోజు సెలవు పెడతాను."

"ఒక్క నిమిషం పనండీ. మీరు లేకపోతే ఆయన అసలు వద్దంటున్నాడు."

"ఏమీ అనుకోకండి. నా వల్ల కాదు," అని మళ్ళీ ఆవిరిలోకి వెళ్ళిపోయింది.

ఆ పూట అన్నం ముందు కూర్చుని అమ్మడు కంచంలో వేళ్ళు తిప్పుతూ ఇదంతా చెప్పింది. బాబాయి నిట్టూర్చాడు. పిన్ని ఒక్క ప్రశ్న అడిగింది, ఆ గుడ్డ ఎప్పుడూ తీయదా అని. తీయదని చెబితే, ఊఁ అని ఊరుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని రెండు దుప్పట్లు చంకన పెట్టుకుని లాండ్రీకి వెళ్ళింది. ఆ మర్నాడు మరో రెండు. దుప్పట్లు అయిపోయాయి. కర్టెన్లు వెళ్ళాయి. కర్టెన్లు అయిపోతే నిన్ననే ఉతికి తెచ్చిన దుప్పట్లు మళ్ళీ బయల్దేరాయి. ఉతికినవాటినే ఎందుకు ఉతికిస్తున్నావే అని బాబాయి అడిగితే, తేడా తెలియొద్దూ అంది. నాలుగో రోజు లాండ్రీవాళ్ళు టీ తాగే వేళకి పోయి, చాలాసేపటికి తిరిగివచ్చింది. వస్తూ వస్తూ రెండు కిలోల బీట్‌రూట్ తెచ్చింది.

అక్కణ్ణించి ఇల్లు ఇల్లు కాదు. పిన్ని బీట్‌రూట్ తురిమి, పిండి, మరిగించి, చల్లార్చి, చుక్కలు చుక్కలుగా బాబాయి ముంజేతి మీద వేసి చూడటం మొదలుపెట్టింది. ఇది మరీ గులాబీ. ఇది మరీ నీరసం. దీంట్లో కాస్త టీ డికాక్షన్ పడాలి. టీ పేరు వినగానే బాబాయి మీసం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెండు రోజులకి ఆయన చెయ్యి మోచేతిదాకా రంగుల దుకాణంలో తగిలించే నమూనా కార్డులా తయారైంది. పదిహేడో చుక్క దగ్గర పిన్ని కళ్ళద్దాలు సర్దుకుని, "ఇదీ" అంది. ఇదేమిటి పిన్నీ అని అమ్మడు లైట్లు తుడుచుకుంటూ అడిగితే, బీట్‌రూట్ రాస్తే చెంపలకి కళ వస్తుందమ్మడూ అంది. ఫొటో హడావుడిలో ఉన్న అమ్మడు ఇంకేమీ పట్టించుకోలేదు. ఆ అమ్మాయిని ఎలా ఒప్పించాలా అని ఆ పిల్ల బుర్ర బద్దలవుతోంది.

ఫొటో రోజు రానే వచ్చింది. ఉదయం ఎండ ఏటవాలుగా లాండ్రీ ముందు గోడ మీద పడుతోంది, సరిగ్గా అమ్మడు కోరుకున్న వెలుగు. స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, లోపలికి కేక వేసింది. ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఉతికే ఇద్దరక్కలు, మడతలు పెట్టే నలుగురు, లెక్క రాసే ఆయన, బండి మీద తీసుకెళ్ళే ముగ్గురు, చివర మరకలు తీసే పెద్దాయన. పదకొండు మందికీ ఒక్కో చెంప కణకణలాడే ఎరుపు.

వాళ్ళ వెనకాలే పిన్ని గిన్నె చేత్తో పట్టుకుని వచ్చింది.

"పిన్నీ, ఏం చేశావు?"

"బీట్‌రూట్. ఫొటోలో కళగా ఉంటారు."

"సగం మొహాలు ఎర్రగా పడతాయి పిన్నీ. నా బతుకు బస్టాండవుతుంది."

"తేడా తెలియొద్దూ?"

ఆ మాట వినీ వినీ రాయిలా అయిపోయిన అమ్మడికి ఆ క్షణాన వేరేది తట్టింది. మళ్ళీ వాళ్ళ వంక చూసింది. ఏదో తేడాగా ఉంది. అవును, ఎడమ కాదు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేనిది, పిన్ని కుడి చెంపకి రాసింది.

"ఇది కుడి చెంప పిన్నీ."

పిన్ని ఆకాశం వంక చూసింది. "ఎప్పుడూ ఎడమదానికే రాస్తే రెండోది ఏమనుకుంటుంది?"

అందరికంటే ఎక్కువ కుమిలిపోతున్నవాడు మరకలు తీసే పెద్దాయన. నలభై ఏళ్ళుగా సిరా, తుప్పు, ఇంజనాయిలు, పెళ్ళి బట్టల మీది వైను, ఏది తెచ్చినా వదలగొట్టి పంపిన మనిషి. పొద్దుట ఒకసారి కడిగి చూశాడట. తన సీసాలన్నీ వరసగా తీసి, తన చెంప మీదే ప్రయోగించాడట. రంగు ఇసుమంత కూడా కదల్లేదు. యజమాని చూస్తే ఉద్యోగం సంగతి దేవుడెరుగు, పరువు పోతుందని గొణుక్కుంటున్నాడు.

అప్పుడు వచ్చింది ఇస్త్రీ అమ్మాయి. సెలవు పెట్టలేదు. మొహానికి గుడ్డ అలాగే ఉంది, చేతిలో పిన్ని పొడుగు పుస్తకం ఉంది. అమ్మడు తెల్లబోయి చూస్తుంటే పిన్ని అందరికీ వినపడేలా, తరగతిలో చెప్పినట్టు చెప్పింది. "పదకొండు మందికి రాశాను. రాయని మనిషి ఒకరు కావాలి. ఆ ఒక్కరూ లేకపోతే ఈ పదకొండింటికీ విలువ లేదు. ఆ మనిషి ఈ అమ్మాయి. కానియ్యమ్మా, చూడు."

ఆ అమ్మాయి చూసింది. వరసగా నడుస్తూ, ఒక్కొక్కరి చెంపా పరీక్షగా చూసి పుస్తకంలో రాసుకుంటూ వచ్చింది. మడతలు పెట్టేవాళ్ళు నవ్వాపుకోలేక ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటున్నారు. బండివాళ్ళలో ఒకడు చెంప దగ్గరికి చాచి, బాగా చూడక్కా, మార్కులు తగ్గించకు అన్నాడు. పదకొండో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆమె భుజాలు కదులుతున్నాయి. వరస చివర నిలబడి, ఒక్క నిమిషం ఆగి, గుడ్డ ముడి విప్పేసింది.

కుడి కంటి కింది నుంచి దవడ దాకా ఎర్రటి మచ్చ. అచ్చంగా పదిహేడో చుక్క రంగు.

పక్కనే ఉన్న పెద్దాయన తన దుఃఖంలో తానున్నాడు. తిరిగి చూసి, వృత్తి ధర్మంగా కళ్ళు చిట్లించాడు. "నీకు బాగా పట్టిందే. మా అందరిదానికంటే నిలకడగా వచ్చింది. ఎంతసేపు ఉంచుకున్నావమ్మా?"

"ఇరవై మూడేళ్ళు," అంది ఆ అమ్మాయి.

పెద్దాయన ఇంకాస్త దగ్గరికి వంగి, కోటు మీది మరకని చూసినంత శ్రద్ధగా చూసి, నిటారుగా నిలబడ్డాడు. "అయితే ఇది మరక కాదు. బట్ట రంగే ఇది. బట్ట రంగు జోలికి మేం పోము," అని తీర్పు చెప్పాడు.

ముందు నవ్వింది ఆ అమ్మాయే. గలగలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. వరస మొత్తం విరగబడింది. ఉతికే అక్కలు ఒకరి మీద ఒకరు వాలిపోయారు, లెక్క రాసే ఆయన కళ్ళజోడు కింద పడింది. అమ్మడు వేలు దానంతట అదే బటన్ నొక్కింది. ఒకటి కాదు, తొమ్మిది.

తొమ్మిదోది నొక్కుతుండగా యజమాని కారు వచ్చి ఆగింది. మడత నలగని తెల్ల చొక్కా వేసుకున్న యజమాని దిగి, అడుగు ముందుకు వేసి, ఆ వేసిన అడుగులోనే ఆగిపోయాడు.

"ఏమిటిది? మరకలు తీసే చోట పనివాళ్ళ మొహాల మీదే మరకలా? దీన్ని తలుపంత చేసి గోడకి పెట్టి, నా కొట్టు నేనే మూసుకోనా? కడుక్కుని రండి అందరూ. మళ్ళీ తీయాలి."

ఇలాంటి చోట అమ్మడు ఎప్పుడూ సరే సార్ అనే రకం. ఆ రోజు ఇస్త్రీ అమ్మాయి చెయ్యి మళ్ళీ గుడ్డ మీదికి పోవడం చూసింది. ఐదు బ్రాంచీలు కళ్ళ ముందు ఒక్కొక్కటే ఆరిపోతున్నా నోరు ఆగలేదు.

"ఇదే ఫొటో సార్. ఇంకోటి తీయను. ముందు చూడండి, వద్దంటే నేను వెళ్ళిపోతాను."

యజమాని కెమెరా తీసుకుని లోపలి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఐదు నిమిషాలు. పిన్ని తాపీగా గిన్నె అడుగు గీకుతోంది. పెద్దాయన మాత్రం చెంప రుద్దుకుంటూనే ఉన్నాడు. తలుపు తెరుచుకుంది. యజమాని నెమ్మదిగా వచ్చి పిన్ని ముందు నిలబడ్డాడు.

"పదిహేనేళ్ళుగా వీళ్ళకి జీతాలిస్తున్నాను. వీళ్ళకి ఇన్ని పళ్ళున్నాయని నాకు తెలియదు," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "గిన్నెలో ఇంకేమైనా మిగిలిందా అమ్మా?" అని అడిగాడు.

మిగిలింది. కుడి చెంపకి సరిపడా మిగిలింది.

పదమూడు మందితో ఇంకో ఫొటో తీశాక గానీ ఎవరూ పనిలోకి పోలేదు. ఐదు బ్రాంచీలూ అమ్మడికే వచ్చాయి. ముందు గోడ మీద ఆ ఫొటో కింద ఏం రాయించాలని యజమాని అడిగితే, అన్ని మరకలూ తీస్తాం, బట్ట రంగు జోలికి పోము అని రాయించమన్నాడు పెద్దాయన. అలాగే రాయించారు.

ఆ సాయంత్రం అమ్మడు ఎగురుకుంటూ ఇంటికి వచ్చి, మొదట తీసిన పన్నెండు మంది ఫొటోని హాల్లో పాత మెట్ల ఫొటో పక్కన పెట్టి చూసుకుంది. ఇటు పన్నెండు ఎర్ర చెంపలు, అటు పదహారు తెల్ల చెంపలు. వృత్తి అలవాటుగా పరీక్షగా చూసింది. కొత్తదాంట్లో పదకొండు చెంపల మీద పిన్ని వేళ్ళ చారలున్నాయి, పన్నెండోదాని మీద లేవు. అది సరే. పాతదాంట్లోకి చూపు మళ్ళింది. పదిహేను తెల్ల చెంపల మీద వేళ్ళ చారలు. పదహారోది, కింది మెట్టు మీద, పన్ను ఊడిన పిల్ల చెంప. చారలు లేవు. అంచులు మెత్తగా చర్మంలో కలిసిపోయాయి.

తనకి పిన్ని ఒక్కసారి కూడా రాయలేదు కదా. మరి ఈ తెలుపు ఎక్కడిది?

ఇరవై రెండేళ్ళుగా రోజూ చూస్తున్న ఫొటో. అమ్మడు అలమార దగ్గరికి పోయి, వరసలో మొట్టమొదటి పుస్తకం లాగింది. మొదటి పేజీ. పేరు: బిల్డింగులో అందరూ. ఏం రాశాం: పెరుగు, ఓట్స్ పిండి, ఎడమ చెంపకి. ఎంతసేపు: బడి గంట కొట్టేదాకా. రాయని మనిషి: అమ్మడు. ఎడమ చెంప మీద తెల్ల మచ్చ వచ్చింది, డాక్టరు భయం లేదన్నాడు, పిల్ల నాలుగు రోజులుగా బడికి పోనని మంచం కింద దూరుతోంది. ఫలితం: బడికి వెళ్ళింది.

రెండో పేజీ, బడికి వెళ్ళింది. మూడో పేజీ, బడికి వెళ్ళింది, మెట్ల మీద అందరి చెంపలూ చూసి నవ్వింది. అలా రెండేళ్ళ పాటు పేజీల కొద్దీ అదే. చివర ఒకచోట రాసి ఉంది. మచ్చ దానంతట అదే పోయింది. ఇక ఆపేద్దామనుకున్నాను. పొద్దున్నే దర్జీ తలుపు కొట్టి, ఇవాళ పూత లేదా అని అడిగాడు. పాపం, ఏం చేస్తాం.

అందరి చెంపలూ తెల్లగా ఉన్న ఆ రోజుల్లో తనది వేరని అమ్మడికి గుర్తే లేదు. పుస్తకం పట్టుకుని కూలబడింది. ఎదురుగా బాబాయి భూతద్దంతో గడియారం విప్పుకుంటున్నాడు.

"బాబాయ్, ఇది అందరికీ తెలుసా?"

"నీకూ కుక్కకీ తప్ప," అన్నాడాయన తలెత్తకుండా.

అమ్మడు కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి పోయింది. పిన్ని రేపటి కోసం ఓట్స్ నానబెడుతోంది. అమ్మడి చేతిలో పుస్తకం చూసింది, చూడనట్టు నటించింది. ఆ పాత రాతలన్నీ చిత్తు, పారెయ్యాల్సినవి అంది. అమ్మడు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని మొహం ముందుకు చాపింది.

"ఇవాళ నాకు రాయి పిన్నీ."

"నీకెందుకే. నువ్వు తేడా చూసేదానివి."

"చూశాను. ఇక రాయి. రెండు చెంపలకీ."

"రెండిటికీ రాస్తే ఇంక తేడా ఏం తెలుస్తుంది, నా మొహం," అని గొణుగుతూనే పిన్ని గిన్నె అందుకుంది. ఎడమ చెంపకి నింపాదిగా రాసింది. కుడి చెంప దగ్గర చెయ్యి ఒక్క క్షణం అలవాటుకొద్దీ ఆగింది, తరవాత దానికీ రాసేసింది. పుస్తకం తెరిచి ఫలితం గడిలో ఏదో రాస్తుంటే అమ్మడు తొంగి చూడబోయింది. పిన్ని చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గుమ్మంలోంచి బాబాయి దగ్గాడు. చేతిలో టీ డికాక్షన్ గ్లాసు ఉంది.

"రెండు వైపులా రాయొచ్చని తేలింది కదా," అన్నాడు మీసం సవరించుకుంటూ. "మరి నా సంగతేమిటి?"